ఎర్రమ్మ నడక

చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ ఎర్రమ్మ అప్పటికే వంశధార గట్టు సగం దాటింది. ముందు ఎవరూ లేరు. రోజూ ఈపాటికి ఆ ఇద్దరూ కనబడాలి.

విజయదుర్గ, ఆమె భర్త సోమేశ్వరరావు. గుణుపురం బజారులో బట్టల కొట్టు వాళ్ళది. ఆవిడ ఒళ్ళున్న మనిషి, ఆయన ఎండిన చెరకుగడ. ఆవిడ పక్కనుంచి అడుగు ముందుకు పోడు, అడుగు వెనకబడడు. సిమెంటు బెంచీ దగ్గర ఆగి, నీళ్ళ సీసా మూత తీసి ముందు ఆవిడకే అందిస్తాడు. అది చూసినప్పుడల్లా ఎర్రమ్మ నది వైపు మొహం తిప్పుకునేది.

తనకు సుగరు ఉందని తేలి ఏడాదయింది. ఆడపిల్లల హాస్టల్లో వంట మనిషి. పొయ్యి ముందు నిలబడీ నిలబడీ చీలమండలు ఉబ్బిపోయాయి, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. అన్నం సగానికి తగ్గించమనీ, రోజూ నడవమనీ ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది. ఒంటరిగా గట్టు మీదికి పోవడానికి సిగ్గేసి, తోడు రమ్మని మొగుణ్ణి అడిగింది. అసిరయ్య బెల్లం ముక్క నోట్లో వేసుకుంటూ, "సుగరు నీకొచ్చింది గానీ నాకేటొచ్చింది? నానెందుకు నడవాల?" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఆ కోపంతోనే ఒంటరిగా బయలుదేరింది. మొదటిరోజే ఈ జంట కనబడింది. ఆవిడకు సుగరొస్తే మొగుడు సీసా మోస్తాడు, తనకొస్తే తన మొగుడు బెల్లం నములుతాడు. వాళ్ళను దాటిపోవాలని కసిగా నడిచేది. దాటలేక ఆయాసపడుతూ వెనకే ఉండిపోయేది. ఇంటికి పోయి, అసిరయ్యకు అన్నం గుట్టలా వడ్డించి, తను చోడి అంబలి, అదే రాగి జావ, తాగేది. కిందటి నెల రక్తం చూసి, సుగరు బాగా దిగిందని నర్సమ్మ మెచ్చుకుంది. ఎర్రమ్మకు ముందు వచ్చిన ఆలోచన, విజయదుర్గది ఇంకా తక్కువ ఉంటుందేమో అని.

ఇవాళ గట్టంతా తనదే అని సంతోషపడబోయింది. కానీ కాళ్ళు సాగలేదు. బెంచీ దాకా పోయి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, దిగిపోయింది.

హాస్టల్లో ఉప్మా అడుగంటింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరో పిల్ల పుట్టినరోజని చేసిన పాయసం వాసనకు నోరూరితే, మూత పెట్టి అవతలికి జరిపింది. భోజనాలయ్యాక వార్డెన్ పద్మప్రియ బజారు నుంచి వచ్చి, బట్టల కొట్టు మూసి ఉందనీ, పెద్దాయన తెల్లవారుజామున నిద్రలోనే పోయాడనీ చెప్పింది. ఎర్రమ్మ గరిట కడుగుతూనే ఉంది, చాలాసేపు అదే గరిట.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి దహనం అయిపోయింది. వీధి వరండాలో చాప మీద విజయదుర్గ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎర్రమ్మను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"రోజూ మా ఎనకాల వచ్చేదానివి నువ్వే గదా" అంది.

ఎర్రమ్మ తలూపింది. ఏదో ఒకటి అనాలని, ఇక నడక మానెయ్యొద్దమ్మా, మీ సుగరుకి మంచిది కాదు అంది.

విజయదుర్గ అర్థం కానట్టు చూసింది. "సుగరు నాకు కాదమ్మా, ఆయనకి. బొటనేలు పుండయ్యి, కాలు తీసెయ్యాలన్నారు. ఎలాగో మానింది. అప్పట్నించీ పొద్దున్నే నానే లేపి తీసుకెళ్ళేదాన్ని. ఆయనతో పాటు నానూ సోడి అంబలే తాగేను. పన్నెండేళ్ళు." చెంగు భుజం మీదికి లాక్కుంది. "రెండు కాళ్ళతోటే ఎల్లిపోయేరు."

ఆ మాట గర్వంగా అంది. ఎర్రమ్మకు ఏడుపు రావాలి, రాలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ చేతికి నీళ్ళు అందుతున్నాయని కుళ్ళుకుంది. ఇప్పుడు ఆ గర్వం చూసి కుళ్ళుకుంటోంది. చావింట్లో కూర్చుని కూడా ఇదేం బుద్ధి అనుకుంది, కానీ బుద్ధి మారలేదు. విజయదుర్గ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వదలాలనిపించలేదు. రేపు పొద్దున్న గట్టు మీద తన ముందు ఎవరూ ఉండరు.

చీకటి పడుతుంటే లేచి, చెప్పులు వేసుకుంటూ కిందికి చూసింది. ఆయన కూర్చునే కుర్చీ పక్కన నేల మీద గుండ్రటి చేతి అద్దం ఒకటి ఉంది. అదెందుకని అడగకుండానే విజయదుర్గ చెప్పింది. సుగరుకి కాళ్ళు మొద్దుబారి, అరికాలికి ముల్లు దిగినా ఆయనకు తెలిసేది కాదట. రోజూ నడిచొచ్చాక ఆవిడ ఆ అద్దం పాదం కింద పెట్టి, ఎక్కడైనా గీసుకుందేమో చూసేదట.

నేల మీద వెల్లకిలా ఉన్న ఆ అద్దంలో వరండా కప్పు పెంకులు మాత్రమే కనబడుతున్నాయి.