కామెరాన్ అనే ఇంటిపేరు

పాలు పొంగే లోపే రాజన్న గిన్నె దించి, దంచిన అల్లం ఇంకో చిటికెడు వేశాడు. ఖతార్‌లోని అల్ వక్రా సైట్ ఆఫీసులో టీ పెట్టడం అతని డ్యూటీ. ఒకప్పుడు సెంట్రింగ్ పనిలో ఉండేవాడు. ఇనుప పలక జారి మొహం మీద పడ్డాక ముక్కు ఎడమకు ఒరిగిపోయింది. ఆ తర్వాత ఎత్తులు ఎక్కడం మానేశాడు.

ఆ రోజు తన చొక్కా విప్పి అతని మొహానికి అదిమిపట్టి, సొంత కారులో ఆసుపత్రికి తీసుకుపోయింది ఇంజనీరు కామెరాన్. స్కాట్లాండు మనిషి. కుట్లు వేసేదాకా వరండాలో నెత్తుటి చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు జగిత్యాల దగ్గరి పల్లెలో భార్య గంగామణి నిండు చూలాలు. కొడుకు పుట్టాడని ఫోను రాగానే రాజన్న ఆ పేరే పెట్టమన్నాడు.

"గదేం పేరయ్యా, నాకు నోరు తిరుగది" అంటూనే ఆమె ఒప్పుకుంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం పిల్లవాణ్ణి కెమెరా అని పిలిచారు.

సారుకు ఈ సంగతి రాజన్న ఎన్నడూ చెప్పలేదు. ఏదో ఆశించి చెప్పినట్టు ఉంటుందని జంకు. ఇవాళ సారు ఉద్యోగం మానుకుని తన దేశం వెళ్ళిపోతున్నాడు. ఇప్పుడైనా చెప్పేద్దామనుకుంటే, పొద్దున క్యాంపు బస్సులో ఉండగా కొడుకు ఫోన్ చేశాడు.

"బాపూ, కాలేజ్ల అందరు నవ్వుతుండ్రు. పేరు మార్పిచ్చుకున్న. ఇగ నేను రిత్విక్."

"మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు రాజన్న. బస్సు దిగేదాకా తల ఎత్తలేదు.

అయినా మనసు ఊరుకోలేదు. సారు వీడ్కోలు కేకు కోశాక, ఫోన్‌లో కొడుకు ఫోటో తెరిచి, దాన్ని ట్రేలో కప్పుల పక్కన పెట్టుకుని వచ్చాడు. అప్పటికే తన్మయి, హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు, సారు పేరుకు అర్థం అడిగినట్టుంది. ఆయన నవ్వుతూ చెబుతున్నాడు. ఆమె రాజన్న వైపు తిరిగింది.

"అది అసలు ఇంటిపేరంట రాజన్నా! వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళది. ఆ ఇంట్లో మగపిల్లలు లేరు, పేరు ఆగిపోతుందని ఈయనకు పెట్టుకున్నారంట. అర్థమేమో... వంకర ముక్కు అంట!"

అందరూ నవ్వారు. అంతలోనే నవ్వు ఆగింది. అందరూ తనవైపు చూడకుండా కేకు వైపు చూడటం రాజన్న గమనించాడు. అతని చేయి దానంతటదే ముక్కు మీదికి పోయింది.

సారు ఫోటో చూశాడు. నీ కొడుకా, పేరేమిటని అడిగాడు.

"రిత్విక్ సార్."

"గుడ్ నేమ్" అని సారు భుజం తట్టాడు.

అబద్ధమేమీ కాదు. పిల్లవాడి పేరు ఇప్పుడు అదే. కాని ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ మనిషి ఎవరో తనకు తెలియదన్నట్టు అయిపోయింది.

సారు ఎక్కిన కంపెనీ కారు కదులుతుంటే రాజన్న పరుగెత్తాడు. "సార్! సార్!"

కారు ఆగింది. సారు అద్దం దించి ఏమిటన్నట్టు చూశాడు. రాజన్న నోరు తెరిచాడు.

"చాయ్... చాయ్ గుడ్, సార్?"

సారు బొటనవేలు ఎత్తి చూపించాడు. కారు దుమ్ములోంచి రోడ్డెక్కింది.

ఎంగిలి కప్పులు తీయడానికి రాజన్న సారు గదిలోకి పోయాడు. ఏసీ ఇంకా నడుస్తూనే ఉంది. కుర్చీ వీపున ఆయన మరిచిపోయిన బూడిదరంగు స్వెటర్, మోచేతుల దగ్గర ఉబ్బి, భుజాల్లో ఇంకా మనిషి ఉన్నట్టుగా వేలాడుతోంది.