రిఫ్‌అత్ మడమలో రబ్బరు

ఆ రబ్బరు ముక్క ఆలివ్ కాయకన్నా పెద్దదేం కాదు. రిఫ్‌అత్ కృత్రిమ కాలి మడమలో అది చితికిపోయి, అడుగేస్తే చాలు ఇనుముకి ఇనుము తగిలి టకటకమంటోంది. ఆదివారం పత్తి గోదాము డాక్టరు ముందు నడిచి చూపించాలి. కుంటితే కాపలా ఉద్యోగం ఊడినట్టే.

"ముక్క విడిగా ఇవ్వరమ్మా. పాదం మొత్తం మార్చాలి. దరఖాస్తు పెట్టుకుంటే ఆర్నెల్లు పడుతుంది," అన్నాడు కృత్రిమ కాళ్ళ కేంద్రంలో గుమాస్తా, టీ గ్లాసులోంచి తలెత్తకుండా.

రిఫ్‌అత్ భార్య షౌకియాకి ఒళ్ళు మండిపోయింది. "అందాకా ఈయన్ని గోడకి ఆనించి పెట్టుకోమంటావా?"

"రూలు నేను పెట్టలేదు."

"పెట్టినవాడికి రెండు కాళ్ళూ ఉండుంటాయిలే," అని విసవిసా బయటికొచ్చేసింది.

పెళ్ళికి ముందు ఆమె ఈ అలెగ్జాండ్రియాలోనే బొత్తాలు పోతపోసే కార్ఖానాలో పనిచేసింది. ఆలివ్ కాయంత ముక్క పొయ్యడం ఓ లెక్కా? చితికిన ముక్కకి మైనం అద్ది పాత ఆకారం తెచ్చింది. స్నానాలగది సందులు పూడ్చే సిలికాన్‌లో గంజిపిండి కలిపి, దాని చుట్టూ మెత్తి అచ్చు తీసింది. చెప్పుల అట్టలు పోసే యురెథేన్ ద్రవం బజారులో రెండు సీసాలుగా దొరుకుతుంది. వంటింటి తక్కెడలో రెండూ సమంగా తూచి కలిపి పోసింది. గురువారం అచ్చు విప్పితే ఏముంది, ముక్క నిండా బుడగలే! వేలితో నొక్కితే పులిసిన రొట్టెపిండిలా దిగిపోయింది.

తప్పు ఎవరిదో కాదు, ఆమె శుభ్రానిదే. నమాజుకి ముందు కడుక్కున్నట్టు అచ్చునీ, గ్లాసులనీ మూడేసిసార్లు కడిగి, తడి ఆరీ ఆరకుండానే పోసింది. తేమ తగిలితే ఆ ద్రవం పొంగుతుందని కార్ఖానాలో మేస్త్రీ అరిచి చచ్చేవాడు.

"నా బుద్ధి గడ్డి తిన్నదయ్యా," అంది మొగుడితో.

"కడిగినందుకు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఇదే మొదటిసారి," అన్నాడు రిఫ్‌అత్.

శుక్రవారం అచ్చునీ గ్లాసులనీ పొయ్యి పక్కన ఆరబెట్టి, చల్లారాక మళ్ళీ పోసింది. అచ్చుని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి, వెయిట్ ఉండేచోట సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, మొగుడి చేత సైకిల్ పంపుతో గాలి కొట్టించింది. మిగిలిన బుడగలు ఆ ఒత్తిడికి అణిగిపోయాయి. శనివారం సాయంత్రం తీస్తే ముక్క నున్నగా, గట్టిగా వచ్చింది. మడమలో పెట్టుకుని మేడమెట్లన్నీ ఎక్కి దిగాడు రిఫ్‌అత్. టకటక లేదు.

ఆదివారం డాక్టరు ముందు పదిసార్లు అటూ ఇటూ నడిచాడు.

"నడక బాగుంది," అన్నాడు డాక్టరు. "మరమ్మతు చేసినట్టు కేంద్రం ముద్ర ఏదీ?"

"ముక్క ఇంట్లోనే పోశామండీ," అంది షౌకియా.

"అయితే పనికొస్తాడని రాయలేను. ముద్ర లేని కాలు నా లెక్కలో కాలు కాదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే! షౌకియా నోరు తెరవబోయింది. ఎన్నడూ గొంతు పెంచని రిఫ్‌అత్ ఆమెని చేత్తో ఆపాడు. కుర్చీలో కూర్చుని, పట్టీలు విప్పి, కాలు తీసి డాక్టరు కాగితాల మీద పెట్టాడు.

"కాలు కాదన్నారుగా, ఉంచేసుకోండి. ఆ ముద్ర ఇప్పించండి, దాన్నే తొడుక్కుని ఇంటికి నడిచిపోతాను."

వాకిట్లో వరసలో నిలబడ్డవాళ్ళు తలుపు దగ్గరికి చేరారు.

"తియ్యవయ్యా, ఏమిటిది!" అన్నాడు డాక్టరు.

"తియ్యను."

డాక్టరు వాళ్ళవైపు చూశాడు, కాలువైపు చూశాడు. బొటనవేలితో రబ్బరుని బలంగా నొక్కాడు. అది దిగలేదు. అటు తిప్పి, ఇటు తిప్పి మళ్ళీ నొక్కాడు. కాలు కిందనున్న కాగితం లాక్కుని 'ఉద్యోగానికి యోగ్యుడు' అని రాసి ముందుకు తోశాడు.

రిఫ్‌అత్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాలు మాత్రం ముట్టుకోలేదు.

"ఇంకా ఏం కావాలి?" అన్నాడు డాక్టరు.

"నా కాలండీ. మీరే ఇవ్వండి."

డాక్టరు లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, కాలుని రెండు చేతులతో అందించాడు.