టోపీ పెట్టిన అర్జీ

యుద్ధం రోజుల్లో, అంటే నలభై నాలుగులో, బెజవాడ గవర్నర్‌పేటలో ఒక అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు అర్జీలు రాసేవాణ్ణి. చదివింది పల్లెటూరి బడిలో ఆరో క్లాసు. అయినా నా ఇంగ్లీషు వినడానికి కాలవలో లాంచీలు ఆగేవి. మీరు నమ్మకపోతే పోనీండి, నేనూ సగమే నమ్ముతాను.

ఒకరోజు మైలవరం నుంచి నేతగాడు పాండురంగయ్య వచ్చాడు. నూలు మీద కంట్రోలు. పర్మిట్టు లేక అతని మూడు మగ్గాలూ నెల్లాళ్లుగా ఆగిపోయాయి. ఈసారీ రాకపోతే వాటిని అమ్ముకోవడమే.

కష్టమంతా రాశాక, చివర ఆఫీసరుగారికి మర్యాదగా ఒక ముక్క పడాలనిపించింది. రైల్వే గార్డు ఒకాయన నోట విన్న మాట వేశాను: "ఐ టేక్ ఆఫ్ మై హ్యాట్ టు యూ."

"అంటే ఏంటండీ?"

"మీ గొప్పకి నా టోపీ తీస్తున్నానని."

పాండురంగయ్య తలపాగా సర్దుకున్నాడు. "తియ్యటమేంటండీ గుమాస్తాగారూ, అశుభం. గొప్పోళ్లకి మేం పాగా చుట్టి మర్యాద చేస్తాం. పెడతానని రాయండి."

వాదించేంత ఇంగ్లీషు నా దగ్గర లేదు. "ఐ పుట్ ఎ హ్యాట్ ఆన్ యూ" అని దిద్దాను. అతను కింద వేలిముద్ర వేశాడు.

మూడోనాడు ఇద్దరికీ కబురొచ్చింది. ఆఫీసరు రామకోటేశ్వరరావుగారు, ఉయ్యూరు మనిషి, అర్జీ చేతిలో పట్టుకుని పాండురంగయ్యకేసి చూశారు.

"ఏమయ్యా, నాకు టోపీ పెడతావా?"

తెలుగులో వింటే గాని అది నా బుర్రకెక్కలేదు. "మర్యాదకేనండీ, పాగా అనుకుని..." అని నేనే నసిగాను.

ఆయన అర్జీ మళ్లీ మొదటినుంచి చదివారు. "మగ్గాలెన్ని?"

"మూడే బాబూ."

"నిన్న ఒకాయన ముప్ఫై అని రాశాడు. వెళ్లి చూస్తే గొడ్లపాక. నాకు టోపీ పెట్టేవాళ్లు రోజూ వస్తారు గాని, ముందుగా రాసిచ్చి వేలిముద్ర వేసినవాణ్ణి నిన్నే చూశా." పర్మిట్టు మీద సంతకం చేసి, కలం నావైపు తోశారు. "ఇంగ్లీషులో తియ్యటమే మర్యాద. ఆ ముక్క దిద్దండి."

మెట్లు దిగాక పాండురంగయ్య తలపాగా విప్పాడు. పర్మిట్టును నాలుగు మడతలు పెట్టి అందులో దోపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"ఇదిగో, తీశానండీ. ఇంగ్లీషుకి సరిపోయిందా?"