పడవ అడుగున పావంగుళం

పడవలో మొదట కాలు పెట్టింది నేనే. మడమ దాకా దిగబడిపోయింది.

పైన పరిచిన గుడ్డలాంటి పొర బాగానే ఉంది. దాని కింద చెక్క తడిసిన కాఫీపొడిలా ఉంది. పొర చింపి ఇంకా కిందికి చూశాను. పడవ పొడుగునా రెండు దూలాలు, వాటిమీదే నేల, వాటిమీదే ఇంజను. హరినాథ్ గారు వాటిని స్ట్రింగర్లన్నారు. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడి దాకా దిగింది. బయటికి లాగితే నీళ్ళు కారాయి.

హరినాథ్ గారు ఉక్కు ప్లాంటులో ఇంజనీరు. వైజాగులో ఎవరో వదిలేసిన ఈ పదిహేడడుగుల ఫైబరు పడవని లారీ మీద తెప్పించి, హథ్‌ఖోజ్‌లో మా మేనల్లుడు లక్ష్మీప్రసాద్ షెడ్డులో రెండు స్టాండ్ల మీద ఎక్కించారు. వెనకాల తాడు కట్టి, కాళ్ళకి చెక్కలు తొడుక్కున్న మనిషిని నీళ్ళమీద నిలబెట్టి లాక్కెళ్ళే పడవ అది. ఆయన స్టీరింగు పడితే వాళ్ళమ్మాయి శ్రీవిద్య తాడు పట్టుకుంటుంది. చోటు మరోదా చెరువు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి అప్పలకొండగారూ," అన్నారు మొదటిరోజే. "అడుగు వెనక భాగం రూళ్ళకర్రలా ఉండాలి. కాస్త పొట్ట ఉన్నా స్పీడులో ముక్కు పైకి కిందికి ఎగురుతుంది. ఇక స్టీరింగు మన చేతిలో ఉండదు."

తలూపాను. నేను ప్లాంటులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు చెక్కపని చేసినవాణ్ణి. ఉక్కుతో ఏది పోతపొయ్యాలన్నా ముందు అదే ఆకారం చెక్కతో చెయ్యాలి. ఆ చెక్కని ఇసకలో ఒత్తి అచ్చు తీస్తారు. నా చెక్క తప్పయి వెనక్కొచ్చిన పోత ఒక్కటి లేదు. తొంభై ఆరు జూన్‌లో రిటైరయ్యాను. నా కొలత తప్పదన్న మాట ఎవరో చెబితేనే ఆయన నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

పాత నేల, దూలాలు తియ్యడానికి పది రోజులు పట్టింది. పారతో ఎత్తిపోశాం. లక్ష్మీప్రసాద్ లోపల కూర్చుని టేపు పట్టి కొలతలు చెబుతూంటే రాసుకున్నాను. టేకు పలకల మీద గీతలు గీసి, కోసి, చిత్రికపట్టి, ఇంజను బోల్టులకి కన్నాలు వేసి దించాను. చివర మూడంగుళాలు ఎక్కువొచ్చింది. కొసరు వదిలి ఉంటానులే అనుకుని కోసేశాను. మధ్యలో సరిగా కూర్చోలేదు. ఇసక బస్తాలు పెట్టి నొక్కాం. రెజిన్ అనే జిగురు పోసి, ఫైబరు గుడ్డ అంటించాం. మూడువారాలకి రాయిలా గట్టిపడింది.

ఆదివారం పడవ దింపుతున్నానని హరినాథ్ గారు ప్లాంటు పెద్దసారుకి చెప్పేశారు. ఇంజను దించింది బుధవారం.

లక్ష్మీప్రసాద్ గొలుసు వదులుతూ పడవలోకి వంగి చూశాడు. "మావా, ఎనకాల బోల్టులు రెండూ సుబ్బరంగా దిగిపోనాయి. ముందరివి మాత్రం అత్తారింటికి రానంతన్నాయి."

"ఎంత తేడా?"

"అరంగుళం. నువ్వేటి కంగారు పడకు. ఆకురాయి పట్టి కన్నం సాగదీసెస్తాను. మీద వాషరేసీసి బిగించీస్తే బెమ్మకి కూడా తెల్దు. చల్తా హై, నడిచిపోద్ది."

"రెండుపక్కలా అరంగుళమేనా?"

"రెండుపక్కలా. నీ చెయ్యి గదా మావా, తప్పినా జోడీగానే తప్పుతాది!" పెద్దగా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఒక కన్నం తప్పితే చెయ్యి జారిందనుకోవచ్చు. రెండూ ఒకేలా తప్పితే తప్పు చేతిలో లేదు.

సంచీలోంచి నా స్కేలు తీశాను. అతని టేపు పక్కన పెట్టాను. నా స్కేలు మీద పన్నెండు అంకె దగ్గర అతని టేపు పన్నెండుంబావు చూపిస్తోంది.

ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది, అడుగుకి పావంగుళం. అందుకని ప్లాంటులో మా చెక్కపని షాపు స్కేళ్ళలో అడుగంటే అడుగూ పావంగుళం. అంకెలు మామూలుగానే ఉంటాయి. ముప్ఫయ్యొక్క ఏళ్ళు నేను ఇంకో స్కేలు ముట్టుకోలేదు. ఇంట్లో పీటలు కూడా దాంతోనే చేశాను. పీట కాస్త పెరిగితే ఎవరికి పట్టింది? పడవ లోపల కొలిచింది టేపుతో. టేకు మీద గీసింది దీంతో. చల్లారి కుంచించుకుపోయే ఉక్కుకి ఇచ్చినట్టు పడవకి కొసరిచ్చాను.

"ఏటయింది మావా? తేలు కుట్టినట్టు నిలబడిపోనావు?"

"ఏటీ లేదు. నువ్వు టీకెళ్ళు."

అతను వెళ్ళాక ఆరడుగుల ఇనపపట్టీ పట్టుకుని పడవ కింద పడుకున్నాను. పట్టీ అడుక్కి ఆనించాను. మధ్యలో తగిలింది. చివర్లలో వెలుతురు కనిపించింది. ఆ సందులో మూడు అగ్గిపుల్లలు ఒకదానిమీద ఒకటి పెడితే దూరాయి. ఇసక బస్తాలతో నొక్కినప్పుడు నా దూలాలు లొంగలేదు. అడుగే లొంగింది. పావంగుళం పొట్ట. అదీ వెనక భాగంలోనే.

ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. పైన నేలగా ప్లైవుడ్ కప్పేస్తే ఇక ఎప్పటికీ తెలియదు.

ఆ పూట అన్నం ముందు కూర్చుంటే చెయ్యి ముద్ద కలుపుతూనే ఉంది.

"ఏటి, కూడు కలుపుతున్నావా, సిమెంటు కలుపుతున్నావా?" అంది మా సింహాచలమ్మ.

"ఏటీ లేదు."

"ఏటీ లేదంతే ఏదో ఉన్నాదని నాకు తెల్దేటి? ముప్పై ఏళ్ళకి ముప్పై మాటలాడినావు. ముప్పయ్యొకటోది ఇయ్యాల ఆడితే సొమ్మేటి పోద్ది?"

చెయ్యి కడుక్కున్నాను.

గురువారం సాయంత్రం సైకిలేసుకుని సెక్టార్ తొమ్మిదిలో హరినాథ్ గారింటికి వెళ్ళాను, చెప్పేద్దామనే. సుపేలా దగ్గర రైలుగేటు పడితే నిలబడి మాటలు కూర్చుకున్నాను. గూడ్సు సగం దాటేసరికి మొదటి మాట మర్చిపోయాను.

హరినాథ్ గారు ఫోనులో ఎవరినో ఆదివారానికి పిలుస్తున్నారు. ఆయన భార్య కుముదిని గారు టీ ఇచ్చారు. శ్రీవిద్య లోపల్నించి పరుగెత్తుకొచ్చింది. పదహారేళ్ళుంటాయి. పంజాబీ డ్రస్సు మీద నారింజరంగు లైఫ్ జాకెట్ బిగించుకుని ఉంది.

"అంకుల్, బోట్ తయార్ హై నా? పప్పా నన్నే ఫస్ట్ అన్నారు. ఇది చూడండి, టైటుగా ఉందా? అమ్మకి అర్థమే కాదు."

"నాకెందుకు అర్థంకాదే! ఇంట్లో ఇది తొడుక్కుని తిరిగితే చూసేవాళ్ళేమనుకుంటారు?" అన్నారు కుముదిని గారు.

జాకెట్ పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి చూశాను.  

"బాగుందమ్మా," అన్నాను.

హరినాథ్ గారు ఫోను పెట్టేసి వచ్చారు. "ఏం అప్పలకొండగారూ, ప్లైవుడ్ వేసేశారా?"

"ఇంకా లేదు సార్."

"రేపు?"

"రేపు."

నా నోట్లోంచి వచ్చింది ఆ ఒక్క మాటే. గేటు దాకా వచ్చి సాగనంపారు. ఇంటికి ఎలా వచ్చానో సరిగా గుర్తు లేదు. ఆ పట్టీ కింద పెట్టిన రెండు వేళ్ళూ దారంతా నావి కానట్టున్నాయి.

శుక్రవారం ఎనిమిదింటికే షెడ్డు తీశాను. లక్ష్మీప్రసాద్ ఆకురాయి, వాషర్లు పడవ అంచు మీద వరసగా పెట్టి వెళ్ళాడు. ఇంజను ఇంకా గొలుసుకే వేలాడుతోంది. దాన్ని పైకి లాగి కట్టాను. పడవలోకి దిగి, కుడివైపు దూలం మీద రంపం పెట్టాను.

ఫైబరు పొర అరుస్తూ తెగింది. దాని లోపల టేకు కమ్మగా వాసన వేసింది. మంచి చెక్క. మూడుచోట్ల అడ్డంగా కోశాను. మూడో కోత పూర్తయ్యేసరికి పడవ టప్పుమంది, నొక్కిన డబ్బా మూత తిరిగి పైకి లేచినట్టు.

లక్ష్మీప్రసాద్ గుమ్మంలో నిలబడిపోయాడు. "మావా! పిచ్చెక్కినాదేటి నీకు?"

"హరినాథ్ గారికి ఫోను చెయ్యి."

"ఏటని చెప్పమంతావు?"

"రమ్మను."

ఆయన వచ్చేలోపు లక్ష్మీప్రసాద్‌కి స్కేలు, టేపు పక్కపక్కన పెట్టి చూపించాను.  అతను ఆకురాయి, వాషర్లు తీసి డబ్బాలో పెట్టేశాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

హరినాథ్ గారు స్కూటరు స్టాండు కూడా సరిగా వెయ్యకుండా లోపలికి వచ్చారు. కోసిన దూలం చూశారు. నేను చెప్పాను. స్కేలు, కొసరు, ఇసక బస్తాలు, అడుగున పొట్ట.  వింటున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"కొయ్యకుండా దారే లేదా?" అన్నారు చివరికి.

"ఉంది సార్. కన్నాలు సాగదీసి ప్లైవుడ్ కప్పేస్తే ఎవరికీ తెలీదు. నిన్న మీ ఇంట్లో టీ తాగినప్పుడు కూడా ఆ దారి ఉంది. ఇవాళ కూడా ఉంటాదని భయమేసి కోసేశాను."

ఆయన ప్యాంటు మాసిపోతుందని కూడా చూసుకోకుండా పడవ కింద పడుకున్నారు. పట్టీ ఆనించి చూశారు. పొట్ట కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

"ఇది వెనక్కి వెళ్తుందా?"

"రెండోది కూడా తీసి, కింద సరిగా ఊతమిస్తే వెళ్ళొచ్చు సార్. వెళ్ళకపోవచ్చు."

లేచి, రోడ్డుకి అవతల లారీలు తూచే కాంటా గదిలోకి ఫోను చెయ్యడానికి వెళ్ళారు. అద్దంలోంచి ఆయన పెదాలు కదలడం కనిపించింది. ఒకసారి తల వంచారు. రెండో ఫోను ఇంకా చిన్నదిగా అయిపోయింది.

"మావా, నీ పేరు చెప్పీసుంటాడా?" అన్నాడు లక్ష్మీప్రసాద్ మెల్లిగా.

"చెప్పనీ."

హరినాథ్ గారు తిరిగొచ్చారు. "పెద్దసారుకి ఆదివారం లేదన్నాను. పాపకి కూడా చెప్పాను."

"ఏమంది సార్?"

"ఫోను పెట్టేసింది." కోసిన దూలం మీద చెయ్యి వేశారు. "రెజిన్ ఇక్కడ దొరకదు, మళ్ళీ తెప్పించాలి. ఈసారి కొలతలు తీసేటప్పుడు నేనుంటాను."

లక్ష్మీప్రసాద్ తల పక్కకి తిప్పుకున్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో నా కొలత మీద ఇంకొకరు నిలబడింది లేదు.

"ఉండండి సార్," అన్నాను.

ఆయన వాచీ విప్పి జేబులో వేసుకున్నారు. పడవలోకి ఎక్కి, ఎడమవైపు దూలం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఎక్కడ పట్టుకోమంటారు?"

చోటు చూపించి, రంపం పెట్టాను.