గురువు పేరు రాసే గడి

ఆరో కండె సగం నిండేసరికి పోగు తెగింది. వజ్రమ్మ తిరుగుతున్న కదురును ఎడమచేత్తో ఆపి, రెండు కొసలనూ బొటనవేలి కింద నలిపి వదిలింది. కదురు మళ్లీ పరుగందుకుంది. ఇంత చేసినా ఆమె చూపు కదురు మీద లేదు, ఎదురు గోడకున్న గడియారం మీద ఉంది. పావు తక్కువ తొమ్మిది.

మగ్గాల పేట ఉన్‌లోని ఆ తొమ్మిదో నంబరు షెడ్డులో నలభై ఎనిమిది మగ్గాలు. అవి నడుస్తున్నంతసేపూ పక్క మనిషి మాట వినపడదు, పెదాలు చూసి తెలుసుకోవాల్సిందే. వాటికి పేక నూలు చుట్టిచ్చే మిషన్ దగ్గర వజ్రమ్మ ఇరవై ఆరేళ్లుగా నిలబడుతోంది. పొట్టి మనిషి. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. కనుబొమల మీద ఎప్పుడూ సన్నటి తెల్లని నూగు. వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి మెరుస్తుంటాయి. రేషన్ దుకాణంలో వేలిముద్రల మిషన్ ఆమెను గుర్తుపట్టడం మానేసి చాలా ఏళ్లయింది. వయసు యాభై నాలుగు.

తొమ్మిది కొట్టగానే మిషన్ ఆపింది. దాని కింద నూనె తగలకుండా రెండు కవర్లలో చుట్టి పెట్టుకున్న ఫైలు తీసింది. షెడ్డులో పని చేయించే ముకద్దం నరహరి ఎదురొచ్చాడు. చూపు ఫైలు మీదికి పోగానే అతని మీసం నవ్వింది.

"మళ్ల ఆ జాదూ కాలేజికేనా?"

"కాలేజి గాదు, యూనివర్సిటీ."

"నీ ఈడుకు గిదేం పిచ్చి వజ్రక్కా? నెత్తిలకెల్లి పావురాలు తీస్తవా ఏంది?"

"పావురాలది డిప్లొమా, ఒక్క ఏడాదే. నేను పోయేది మూడేండ్ల డిగ్రీకి," అని, అతను ఇంకేదో అనేలోపే గేటు దాటింది.

డుమస్ రోడ్డు మీద ఆ ఇంద్రజాల విశ్వవిద్యాలయం లేచి ఎనిమిదేళ్లయింది. దాని సంగతి వజ్రమ్మకు తెలిసింది బజ్జీల పొట్లం వల్ల. ఒక ఆదివారం సముద్రం చూడబోయి టమాటా బజ్జీలు కొనుక్కుంటే, చుట్టిచ్చిన కాగితం మీద హిందీలో వరసగా అక్షరాలున్నాయి. దుకాణాల బోర్డులు చదివి చదివి హిందీ కూడబలుక్కోవడం వచ్చామెకు. నూనె మరకల మధ్య నుంచి ఒక్కో ముక్కా పైకి తేలింది. హస్తలాఘవం, మూడేళ్ల డిగ్రీ, పన్నెండో తరగతి ఏ గ్రూపుతోనైనా సరే. అదృశ్యవిద్య, మూడేళ్లు, భౌతికశాస్త్రం తప్పనిసరి. బంధవిమోచనం, రెండేళ్లు, ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. పరచిత్త పఠనం ఎం.ఎ.కి మాత్రమే, అదీ ఇంటర్వ్యూలో నెగ్గితే. ఆమె బజ్జీలు చల్లారనిచ్చి కాగితం మొత్తం చదివింది. ఎన్నేళ్ల లోపు వాళ్లు రావాలో ఎక్కడా రాసిలేదు. అది రెండుసార్లు చూసుకుంది.

మరుసటి వారమే వెళ్లింది. కిటికీ వెనక కుర్రాడు పన్నెండు పాసయ్యారా అని అడిగాడు. వజ్రమ్మ చదువు ఏడుతో ఆగింది. తిరిగొచ్చి ఓపెన్ స్కూలులో పేరు రాయించుకుంది. పదోతరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది. ఆ తర్వాత పన్నెండు. కండెల మధ్య పుస్తకం తెరిచి పెట్టుకొని చదివింది. అమ్రోలిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే కొడుకు వరప్రసాద్ ఒకసారి వచ్చి, "అమ్మా, పరువు తియ్యకు, మందిల నవ్వుతున్నరు," అన్నాడు. "నీ పరువు నీ దగ్గర భద్రంగ పెట్టుకో బిడ్డా. జర ఆ హాల్ టికెట్ ఇటియ్యి," అంది ఆమె. ఏడేళ్లు పట్టింది. ఇప్పుడు ఫైల్లో మార్కుల మెమోలున్నాయి, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఉంది, మధ్యలో చదువు ఎందుకు ఆగిందో నోటరీ చేయించిన అఫిడవిట్ ఉంది. మిగిలింది ఒక్కటే, తనకు విద్య నేర్పిన గురువు ఇచ్చే ఉత్తరం. ఈ రోజు ఆఖరి తేదీ.

గురువు రెండు గల్లీల అవతల రేకుల గదిలో మంచం పట్టి ఉన్నాడు. సాంబయ్య. డెబ్బై దాటిన మనిషి. సిరిసిల్ల దిక్కు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి యాభై ఏళ్లు మగ్గం నడిపాడు. నూగు మింగి మింగి ఊపిరితిత్తులు చెడ్డాయి. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన ఒక గారడీవాడి వెంట రెండు నెలలు తిరిగి నేర్చుకున్న విద్యను ఆయన ఏనాడూ బజారున పెట్టలేదు. షెడ్డులో కరెంటు పోయినప్పుడు, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగి చెవులు గింగురుమంటున్నప్పుడు, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చొని పోగుతో ఏదో ఒకటి చేసేవాడు. మగవాళ్లు చప్పట్లు కొట్టి బీడీలు వెలిగించుకునేవారు. ఒకరోజు కండెల బుట్ట మోసుకొస్తున్న వజ్రమ్మ ఆగి, "కాకా, నీ ఎడమ చెయ్యి ఎందుకట్ల పండుకుంది?" అని అడిగింది. సాంబయ్య చేతిలోని పోగు కింద పెట్టాడు. "అందరు కుడిచెయ్యి చూస్తరు. నీకెట్ల కనబడ్డది బిడ్డా? రేపటికెల్లి వచ్చి కూసో," అన్నాడు. అలా ఇరవై రెండేళ్లు, కరెంటు పోయినప్పుడల్లా పాఠం.

ఆమె వెళ్లేసరికి పక్కింటి నర్సవ్వ ఆయనకు జావ తాగిస్తోంది. వజ్రమ్మ మంచం పక్కన గొంతుక్కూర్చొని తాను హిందీలో రాసుకొచ్చిన ఉత్తరాన్ని తెలుగులో చదివి వినిపించింది. సాంబయ్య కళ్లు మూసుకొని విన్నాడు. ఆయాసం తగ్గాక అడిగాడు.

"నాకు సంతకం రాదు. నా వేలు వాళ్లకు పనికొస్తదా?"

"పనికి రాకుంటే నేనూకుంటనా కాకా?"

ఆయన బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించింది. నల్లటి మరక పడింది తప్ప అందులో ఒక్క గీతా లేదు. సాంబయ్య దాన్ని ఎత్తి చూసి, దగ్గుకు దగ్గుకు మధ్య నవ్వాడు.

"పో బిడ్డా. బెదరకు. బెదిరితే కుడిచెయ్యి తొందరపడ్తది."

రెండు ఆటోలు మారి విశ్వవిద్యాలయం చేరేసరికి పన్నెండయింది. క్యూలో ముందూ వెనకా ఆమె కొడుకు కన్నా చిన్న పిల్లలు. కొందరి చేతుల్లో పేకముక్కలు ఆగకుండా తిరుగుతున్నాయి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర. లోపలి గుమాస్తా ఛాతీ మీద ఓంప్రకాష్ అని బిళ్ల. పాతికేళ్లుంటాయి. కాగితాలన్నీ ఒక్కొక్కటే చూసి, చివరి దాని దగ్గర ఆగి హిందీలో మొదలుపెట్టాడు. గురువుకు గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ ఉండాలన్నాడు. పైగా ఈ వేలిముద్రలో గీతలే లేవు, ఇది ఎవరిదైనా కావచ్చన్నాడు.

వజ్రమ్మ తన పది వేళ్లూ కిటికీ చువ్వల్లోంచి లోపలికి చాపింది. కోపం వచ్చినప్పుడు ఆమెకు హిందీ రాదు.

"చూడు. నాకు ఉన్నయా గీతలు? పోగు తిన్నది. యాభై ఏండ్లు మగ్గం నడిపినోని వేలు గిట్లనే ఉంటది."

ఆ కుర్రాడి చూపు ఆ వేళ్ల మీద ఆగిపోయింది. గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు.

"మా నాన్నవి కూడా గిట్లనే ఉంటయ్ ఆంటీ. కానీ నేనేం చెయ్యలే. గురువు సర్టిఫికెట్ కంపల్సరీ."

"మీ యూనివర్సిటీ పుట్టకముందు నేర్చినోళ్లకు సర్టిఫికెట్ ఎవరిచ్చిన్రు?"

"రూల్ ఉంది, ఆంటీ..."

"ఉన్నది. పద్నాలుగో రూలు కూడ ఉన్నది. గురువు కాగితం చెల్లకుంటే ముగ్గురు ప్రొఫెసర్ల ముంగట విద్య చూపాలె. ఎట్ల చేసిన్నో వాళ్లకు తెల్వకుంటే సీటియ్యాలె. పుస్తకం తీసి సదువు. నేను ఇరవైసార్లు సదివిన."

ఓంప్రకాష్ పుస్తకం తీశాడు. చదివాడు. పద్నాలుగో నియమాన్ని ఈ ఎనిమిదేళ్లలో ఎవరూ అడిగినట్టు లేదు. ఎవరికో ఫోన్ చేశాడు, ఇంకెవరికో చేశాడు. వెనక క్యూ సణిగింది. వజ్రమ్మ కిటికీ దగ్గర నుంచి జరగలేదు. అరగంటకు లోపలికి పిలిచారు, ఓంప్రకాష్ వెంట వచ్చాడు.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు కత్తిరించుకున్న పెద్ద ప్రొఫెసరమ్మ, ఇరువైపులా ఇద్దరు మగవాళ్లు. ఏం సామగ్రి కావాలని అడిగారు. వజ్రమ్మ ఏమీ అక్కర్లేదంది. ప్రొఫెసరమ్మనే తన దుపట్టా అంచులోంచి ఒక దారం లాగిమ్మంది. దాన్ని వాళ్ల కత్తెరతో వాళ్లనే నాలుగు ముక్కలు చేయమంది. తెగిన ప్రతి కొసకూ వాళ్ల పెన్నుతో సిరా చుక్క పెట్టమంది. బయటి కొసలు రెండూ ఇద్దరు మగవాళ్లు పట్టుకున్నారు. వజ్రమ్మ చేతులు మధ్యలో, ఒక గుక్క నీళ్లు తాగేంతసేపు కదిలి ఆగాయి. ముగ్గురి కళ్లూ ఆమె కుడిచేతిని వదల్లేదు.

చేతులు తీసేసరికి దారం ఒక్కటే. దాని పొడుగునా మూడు చోట్ల సిరా చుక్క, తెగని దారం మీద. లాగి చూశారు. భూతద్దం తెప్పించారు. ముడి లేదు, జిగురు లేదు. దారం చేతులు మారి మారి నలిగింది. కాసేపటికి ప్రొఫెసరమ్మ భూతద్దం బల్ల మీద పెట్టి, ఇది ఎలా చేశారని అడిగింది.

వజ్రమ్మ ఓంప్రకాష్ వైపు తిరిగి, "నాలుగో సెమిస్టర్ల చెప్త అని చెప్పు," అంది. అతను హిందీలో చెప్పాడు. ప్రొఫెసరమ్మ పకపకా నవ్వింది. మగవాళ్లలో ఒకడు నవ్వలేదు కానీ, సంతకం పెట్టాడు.

బయట గదిలో ఓంప్రకాష్ కంప్యూటర్లో వివరాలు కొట్టి కాగితం తీశాడు. పేరు, కోర్సు, రోల్ నంబరు. వజ్రమ్మ ప్రతి గడీ వేలితో తాకుతూ కిందికి వచ్చింది. ఒకచోట వేలు ఆగింది.

"గిదేంది? గురువు అన్న దగ్గర స్వయంశిక్షణ అని రాసినవ్?"

"పద్నాలుగో రూల్ కింద వస్తే గురువు లేనట్టు లెక్క ఆంటీ. సిస్టమ్ అదే రాస్తది. ఏం ఫరక్ పడదు, సైన్ చేయండి."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నాకు గురువున్నడు."

"ఇక్కడ వేరే పేరు ఎక్కదు ఆంటీ. నాలుగింటికి క్లోజ్. సైన్ చెయ్యకపోతే సీట్ పోతది."

"పోనియ్యి." వజ్రమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చుంది. గొంతు పెంచలేదు. "ఏడేండ్లు సదివిన. ఏ పరీక్షల ఒక్క చీటీ కొట్టలే. ఇప్పుడు నాకు నేనే నేర్చుకున్ననని రాసియ్యమంటవా? గసుంటి అబద్దం కింద నేను సంతకం పెట్ట."

గడియారం మూడు ఇరవై చూపిస్తోంది. ఓంప్రకాష్ బతిమాలాడు. పక్క బల్లవాళ్లు వచ్చి చెప్పి చూశారు. ఏడేళ్ల చదువు, రెండుసార్లు తప్పిన లెక్కలు, కండెల మీద నూనె మరకలు పడ్డ పుస్తకాలు అన్నీ ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోయాయి.  వజ్రమ్మ చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. పావు తక్కువ నాలుగయ్యాక ఓంప్రకాష్ లేచి పరుగున లోపలికి పోయాడు. ప్రొఫెసరమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆవిడ కాగితం చూసింది, వజ్రమ్మను చూసింది. పెన్ను తీసి, అచ్చులో ఉన్న మాటను అడ్డంగా కొట్టేసి, ఆయన పేరేమిటని అడిగింది.

"సాంబయ్య. మగ్గం కార్మికుడు."

ఏ సంస్థ అని అడిగింది. ఆ గడి కూడా ఖాళీగా ఉంది.

వజ్రమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "తొమ్మిదో నంబరు షెడ్డు, ఉన్," అంది.

ప్రొఫెసరమ్మ అదీ రాసి పక్కన ముద్ర వేసింది. అప్పుడు వజ్రమ్మ సంతకం పెట్టింది. తన పేరులో ప్రతి అక్షరం విడివిడిగా, గుండ్రంగా. నకలు కాగితం తీసుకొని బయటికి వస్తుంటే ఓంప్రకాష్ గుమ్మం దాకా వచ్చాడు. "సోమవారం పదిన్నరకు ఫస్ట్ క్లాస్ ఆంటీ. లేట్ చేయొద్దు," అన్నాడు.

ఉన్‌లో దిగేసరికి ఐదున్నర. ఎండ ఇంకా రేకుల మీదే ఉంది. సాంబయ్య గది ముందు మనుషులున్నారు. చెప్పులు గుమ్మం బయట కుప్పగా ఉన్నాయి. నర్సవ్వ ఎదురొచ్చి చేయి పట్టుకుంది.

"నిద్రవోయిండనుకున్న వజ్రమ్మా. మూడున్నరకు చాయ్ తాగుతవా అని లేపితే పలకలే."

వజ్రమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్లి మంచం పక్కన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఫైలు విప్పి నకలు కాగితం తీసింది.  ఆమె మొదటి గడి నుంచి మొదలుపెట్టి, హిందీని తెలుగు చేస్తూ, ఆయన చెవి దగ్గరగా వంగి పైకే చదివింది. విద్యార్థి పేరు. కోర్సు, హస్తలాఘవం, మూడేళ్లు.  గురువు పేరు దగ్గరికి వచ్చాక అందరికీ వినపడేంత గట్టిగా చదివింది. సంస్థ పేరు కూడా చదివింది. వాకిట్లో నిలబడ్డ ముసలి కార్మికుడొకడు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

తర్వాత మనుషులు పనుల్లో పడ్డారు. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో మంచం జరపడానికి చోటు చేస్తున్నారు. నర్సవ్వ మంచం తలాపున ఉన్న కిటికీ గట్టు మీది సామాన్లు సర్దడానికి చేయి చాపింది. "మధ్యాహ్నం నీళ్లు అడిగి తాగిండు. తనే బోర్లిచ్చి పెట్టిండు," అంటూ గ్లాసు పట్టుకోబోయింది.

"దాన్ని ముట్టకు నర్సవ్వా," అంది వజ్రమ్మ. "కాకా ఆఖరికి చెయ్యి పెట్టింది దాని మీదనే."

నర్సవ్వ చేయి వెనక్కి తీసుకుంది. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు బోర్లించినది బోర్లించినట్టే ఉంది, దాని అంచు చుట్టూ ఆరీ ఆరని సన్నటి నీటి గీత.