వీపు మీద మాట

డబ్బింగ్ స్టూడియోలో ఆమెను అందరూ ఏడుపక్క అనేవారు. ఆ పేరులో వెక్కిరింత లేదు, పనితనం మీద మెప్పే ఉంది. తెరమీద హీరోయిన్లు కళ్ళలో చుక్కలు వేసుకుని కన్నీళ్ళు తెచ్చుకుంటే, ఆ కన్నీళ్ళకు తగ్గ ఏడుపు ఈమె గొంతులోంచి రావలసిందే. వెక్కివెక్కి ఏడవడం, లోలోపల కుమిలిపోవడం, పక్కగదిలోవాళ్ళు వింటారేమోనని దిండులో మొహం దాచుకుని ఏడవడం, ఏ రకం కావాలంటే ఆ రకం అడిగిన మరుక్షణం ఇచ్చేది. ఇంత ఏడుపు ఎక్కణ్ణుంచి తెస్తావమ్మా అని పెద్దవాళ్ళు నవ్వుతూ అడిగేవారు. దేవుడిచ్చిన గొంతండీ అని ఆమె కూడా నవ్వేసేది. దేవుడి మీదికి నెట్టేస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు కదా.

ఆమె భర్త కార్ల షోరూములో మేనేజరు. పెద్దమనిషి తరహా. తాగడు, కొట్టడు, గొంతు పెంచి ఒక్కమాట అనడు. చేసేదల్లా ఒకటే. చెప్పిన వేళకు ఆమె ఇల్లు చేరకపోయినా, చెప్పిన మాట కాదన్నా, లోపల గడియ వేసుకుంటాడు. తాపీగా భోంచేసి, టీవీ చూసుకుని, మనసు కరిగాక తీస్తాడు. అందాకా ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉండాలి. పైవాటావాళ్ళు దిగుతుంటే చెప్పులు సర్దుకుంటున్నట్టు వంగేది. ఆ వంగడం అలవాటైపోయి, ఎవరి అడుగుల చప్పుడు విన్నా చేతులు వాటంతటవే చెప్పుల మీదికి పోయేవి.

పనికి వెళ్ళనివ్వడానికి ఆయన ఒక్క షరతు పెట్టాడు. మన ఇంటి గుట్టు ఆ మైకు దగ్గర విప్పావని తెలిసిన రోజే నీ పనికి ఆఖరి రోజు అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఆమెకేమో ఆ పని తప్ప వేరే దిక్కు లేదు. చప్పుడు చొరకుండా నాలుగువైపులా మెత్తలు కొట్టిన ఆ ఇరుకు గదిలోనే ఆమెకు కాస్త ఊపిరాడేది. అందుకే స్టూడియోలో నోరు కుట్టేసుకుని బతికింది.

ఆ మధ్య స్టూడియోకు ఒక పరాయిదేశపు సినిమా వచ్చింది. ఆ దేశపు దక్షిణాదిలో, చిత్తడి నేలల నడుమ, నాచుపట్టిన పాతకాలపు బంగళా. అందులో ప్రార్థనలు చేయిస్తూ కుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ముసలి యజమాని. పెరట్లో పూడ్చిపెట్టిన పాపాలు. ఒకడి వెనక ఒకడు చస్తూ ఉంటారు, మిగిలినవాళ్ళు బతికి ఉన్నందుకు ఏడుస్తూ ఉంటారు. ఆఖరున ఇంటి కోడలు వర్షంలో తడిసి గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. తలుపు లోపలినుంచి మెల్లగా మూసుకుంటుంది. మనకు ఆమె వీపే కనిపిస్తుంది. వెనక, గేటు బార్లా తెరిచి ఉంటుంది. సినిమా అయిపోతుంది.

అసలు సినిమాలో ఆ చోట మాట లేదు. వర్షమూ, పురుగుల రొదా, అంతే. డబ్బింగ్ దర్శకుడికి అది నచ్చలేదు. ఇంతసేపు నిశ్శబ్దం పెడితే జనం దగ్గడం మొదలుపెడతారు, వీపు మీద ఏదైనా మాట వెయ్యండి అన్నాడు. నటి మొహం కనపడని చోట పెదవులకు సరిపోవాలన్న బాధ ఉండదు. ఏ మాటైనా వేసుకోవచ్చు. వాళ్ళ పనిలో దాన్నే వీపు మీద మాట అంటారు. వేసే పని రికార్డిస్టుది. నెరిసిన జుట్టు మనిషి, అందరూ చెవులాయన అంటారు, ఆమె మాత్రం అన్నయ్య అంటుంది. టేకుకూ టేకుకూ మధ్య రికార్డింగు ఆపకపోవడం ఆయన అలవాటు. నటించనప్పుడు జారే నిట్టూర్పులే అసలు సరుకు అనేవాడు. ఆ తునకలన్నీ దాచుకుని, పనికొచ్చిన చోట అతికించేవాడు. ఈసారి ఏం అతికించాడో ఆమెకు తెలియదు.

పని పూర్తయ్యాక స్టూడియోలోని చిన్న థియేటర్లో ఒక మధ్యాహ్నం నమూనా ప్రదర్శన పెట్టారు. బయటి జనాన్ని కొందరిని పిలిచి చూపించి, వాళ్ళేమంటారో విని, ఇంకా దిద్దవలసినవి దిద్దుతారు. కుటుంబాలతో రమ్మంటే ఆమె భర్త కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అందరినీ పేరుపేరునా పలకరించాడు. మీ ఆయన బంగారమమ్మా అని తోటి డబ్బింగ్ ఆవిడ చెవిలో ఊదింది.

సినిమా మొదలైంది. ఆమె తెరను చూడలేదు, అలవాటు ప్రకారం పక్కవాళ్ళ ముఖాలే చూస్తూ కూర్చుంది. ముందువరసలో ఒకాయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఒకావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖరి దృశ్యం వచ్చింది. వర్షం. వీపు. తలుపు కదిలింది. అప్పుడు హాలంతా నిండిపోయేలా ఒక ఆడగొంతు వినిపించింది.

"తలుపు వెయ్యకండి. వచ్చేస్తున్నా. ఈ ఒక్కసారికి."

అది ఆమె గొంతే. ఆ మాట ఆమె ఏ టేకులోనూ చెప్పలేదు. ఒకరోజు పని ఆలస్యమైతే, మైకు దగ్గర నిలబడే ఫోనులో భర్తకు చెప్పింది. పెళ్ళైనప్పటినుంచీ ఆయనకు చెబుతున్న మాటే. ఇప్పుడది ఇంతమంది మధ్య, ఆయన పక్కన కూర్చుని ఉండగా, పెద్ద స్పీకర్లలోంచి వస్తోంది. ఆయన మోచెయ్యి తన మోచేతికి తగులుతోంది. అయిపోయింది, పనీ పోయింది, ఆ గదీ పోయింది అనుకుంది. తల తిప్పి ఆయన్ని చూడటానికి ధైర్యం చాలలేదు.

దీపాలు వేశారు. దర్శకుడు ముందుకొచ్చి, మొహమాటం లేకుండా చెప్పండి అన్నాడు. మన జనానికి ఆ మాట చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ఊరంతా వెతికినా ఒక్క మంచివాడు దొరకలేదా ఈ సినిమాకు అని పెదవి విరిచాడు. కళ్ళజోళ్ళ దుకాణమాయన, సినిమా అంతా చీకటేనండీ, నా కళ్ళకేదో అయిందనుకుని భయపడ్డాను అంటే అందరూ నవ్వారు. నర్సు ఒకామె, ఇల్లు చేరి వేడినీళ్ళు పోసుకుంటే తప్ప ఆ నాచు వాసన వదలదు అంది. కొత్తగా పెళ్ళైన పిల్లకు మాత్రం కోపమొచ్చింది.

"గేటు తీసే ఉంది కదండీ, పోదేం? అంతసేపు అక్కడే నిలబడితే నాకు లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది."

బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఒక పెద్దావిడ, ఆఖరి మాట వినేసరికి తన ఒళ్ళు జలదరించిందని, అది నేర్పితే వచ్చేది కాదని అంది. హాలంతా అవునంది. దర్శకుడు పొంగిపోయి ఏడుపక్కను లేచి నిలబడమన్నాడు. ఆమె లేచింది. పక్కన భర్త కూడా లేచాడు.

"ఆ ముసలాణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టి తన్నాలండీ. ఇంట్లో ఆడమనిషిని అలా వాకిట్లో నిలబెట్టేవాడు మనిషేనా?" అన్నాడాయన.

అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. ఆమె తల తిప్పి మొదటిసారి ఆయన్ని చూసింది. ఆ ముఖంలో దాపరికం లేదు. రోజూ తన చెవిలోనే పడే మాటను ఆయన పోల్చుకోలేదు. పని దక్కిందని ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే మరో సంగతి తెలిసి ప్రాణం ఉసూరుమంది. ఏదో ఒకనాటికి తన గొంతు ఆయనకు వినబడుతుంది, మనసు మారుతుంది అనే ఆశతోనే ఇన్నేళ్ళూ మెట్ల దగ్గర నిలబడింది. ఇంత పెద్ద స్పీకర్లలో వినబడనిది ఇంకెప్పుడు వినబడుతుంది?

ఆయన కారు తీసుకురావడానికి వెళ్ళాడు. వసారాలో జనం ఆమెను చుట్టుముట్టారు. సెల్ఫీలు అడిగారు. అంతలో ఫోను మోగింది. ఎంతసేపమ్మా, నేను ఇంటికి పోయి తలుపేసుకుంటున్నా అన్నాడాయన, ఎప్పటి మెత్తని గొంతుతోనే. ఆలోచించే వ్యవధి లేదు, నోరు దానంతటదే కదిలింది.

"తలుపు వెయ్యకండి. వచ్చేస్తున్నా. ఈ ఒక్కసారికి."

వసారా అంతా చప్పట్లు. తమకోసమే ఆ మాట మళ్ళీ చెప్పి వినిపించిందనుకున్నారు పాపం. ఇందాక కోపం తెచ్చుకున్న కొత్తపెళ్ళికూతురు అందరికంటే గట్టిగా కొట్టింది. ఏడుపక్క ఫోను చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇది నటన కాదని ఎలా చెప్పాలో, చెబితే ఎవరు నమ్ముతారో ఆమెకు తోచలేదు. చప్పట్లు కొట్టనివాడు చెవులాయన ఒక్కడే. ఆయన ముఖం పాలిపోయింది. జనాన్ని తప్పించుకుని పక్కకు వచ్చాడు.

"ఆ రోజు నువ్వు రిహార్సల్ చేసుకుంటున్నావనుకున్నానమ్మా. నా చెవులకు చెప్పు దెబ్బ. తీసేస్తాను."

"ఉంచండన్నయ్యా. ఎవరో ఒకరు వినాలిగా" అంది ఆమె.

కారులో ఆయన హుషారుగా ఉన్నాడు. భార్య ఇంత గొప్పదని ఇన్నాళ్ళూ తెలియలేదన్నాడు. ఎర్రదీపం దగ్గర బండి ఆపి ఇటు తిరిగాడు.

"ఏదీ, ఆ మాట ఒక్కసారి నాకోసం అను."

ఆమె అద్దంలోంచి బయట సైకిలు తుడుచుకుంటున్న మనిషిని చూసింది. గొంతు అలిసిపోయిందండీ అంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. దీపం మారింది. ఆయన మొహం తిప్పుకుని బండి కదిలించాడు.

కారు దిగి ఆమెకంటే ముందు నడిచాడు. మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు. ఆమె గుమ్మం చేరేసరికి తలుపు మెల్లగా, చాలా మెల్లగా మూసుకుంటోంది. ఆమె మాట పలికేందుకు చోటు వదులుతూ మూస్తున్నాడు. ఆ సందులోంచి దీపపు వెలుతురు సన్నగిల్లింది. పైవాటావాళ్ళ పిల్ల దిగుతున్న అడుగులు వినిపించాయి. ఆమె చేతులు చెప్పుల మీదికి పోలేదు. నిటారుగా నిలబడే ఉంది. వెనక వీధి గేటు తీసే ఉంది.

గడియ పడింది. తలుపు అవతలే ఆయన నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. ఆ మాట కోసం చెవి ఒగ్గి ఉన్నాడు.

అసలు సినిమాలో ఆ చోట మాట లేదు.