నిప్పుకన్ను

సున్నా, మళ్లీ సున్నానే, మీటరే పాడైందేమో అని జాస్మిన్ దాని పుల్లలు రెండూ అడాప్టరు తీగలకు ఆనిస్తే తొమ్మిది వోల్టులు చూపించింది, మీటరు బాగానే ఉంది, తన బుర్రే బాగాలేదు, ఎంతుంది ఈ సర్క్యూట్, ఎనిమిది కాళ్ల ఆప్‌ఆంప్ చిప్పు ఒకటి, రెసిస్టర్ ఒకటి, దూది పోయే గొట్టంలోకి తొంగిచూసే ఫోటోడయోడ్లు రెండు, లోపల నిప్పురవ్వ కనబడితే ఆ రెంటిలోంచీ చీమ నడిచినంత కరెంటు వస్తుంది, రెండు కరెంట్లూ ఒకచోట కలిసి ఆప్‌ఆంప్ మైనస్ కాలి దగ్గరికి చేరతాయి, ఆ కాస్త కరెంటునూ వోల్టులుగా మారిస్తే చాలు, గంట మోగుతుంది, కాలేజీలో కబుర్లు చెప్పుకుంటూ చేసిన పని, ఈ పత్తి జిన్నింగు మిల్లు స్టోరుగదిలో, ముక్కులోకి దూదిపీచు పోతూ ఉంటే, ఎందుకు పలకదు, ఎందుకు.

కిటికీ అవతల రేకుల నీడలో కూలీలు కూర్చుని ఉన్నారు, పెద్దకడుబూరు నుంచి ఆటోల్లో వచ్చి, తమలో ఒకతె సంతోషమ్మ దూది అంటుకుని కాలినప్పటి నుంచి మిషను దగ్గరికి పోయేది లేదని మొండికేసి, నిప్పును కనిపెట్టేది ఏదైనా పెట్టండి, అప్పుడు దిగుతాం అన్నారు, నిప్పుకన్ను అని పేరు పెట్టిందీ వాళ్లే, నేను చేస్తాను అని ఎగిరి ఒప్పుకున్నది తను, ఆదోని ఆసుపత్రిలో సంతోషమ్మ రెండు చేతులకూ కట్లు, కూతురు ఈశ్వరి రాగిసంగటి ముద్ద నోటికి అందిస్తూ ఉంటే నమలడం ఆపి, జాస్మినమ్మా, రోంత ముందు తెల్సింటే ఉరుకుతాంటి కదమ్మా అంది, ఆ మాటకు తను ఇంటికి పోయి అన్నం ముట్టలేదు, తినవే అని అమ్మ జొహరాబీ ఎంత బతిమాలినా పళ్లెంలో ఆ కట్లే కనబడినాయి, ఈ రెసిస్టర్ తీసేసి ఇంకా పెద్దది పెడితే, పెట్టింది, సున్నా, ఆప్‌ఆంప్ మార్చింది, సున్నా, ఏం మ్మా, అయితాదా అని మిషను నడిపే సామ్సన్ గుమ్మంలోంచి తల పెట్టి అడిగితే, అయితాదన్నా, ఇంకొంచెం సేపు అంది, గొంతు తనకే అబద్ధంలా వినిపించింది.

ఆయన వెనకాలే ఓనరు శివశంకర్, చెమట తుడుచుకుంటూ, ఎమ్మిగనూరు రోడ్డులో మిల్లులన్నీ తిరుగుతాండాయి, మనదొక్కటే నిలబడిపాయ, ఎందుకమ్మా అంత తల పగలగొట్టుకుంటావు, దాన్ని డబ్బాలో పెట్టి గొట్టానికి బిగించు, పైన ఒక పచ్చలైటు వెలిగించు, వాళ్లకు ఏం తెలుస్తాది, నమ్మి పనిలోకి దిగుతారు, అన్నాడు, అని పోయినాడు, పచ్చలైటు, అదైతే ఇప్పుడే వెలిగించొచ్చు, బల్ల మీదే ఉంది, ఇంత సులభమైన పని ఈ పొద్దుటి నుంచీ ఇంకేదీ లేదు, సరే అంటే పోతుంది, ఎవరూ అడగరు, నీ చదువు ఇంతేనా అని ఎవరూ అనరు, చెయ్యి లైటు దాకా పోయింది, యా అల్లా, పోయిన చెయ్యి తనదేనా, జాస్మిన్ ఆ లైటు తీసి బల్ల సొరుగులో పడేసింది.

కాలేజీలో ఎట్లా వచ్చింది మరి, ఇదే బొమ్మ, ఇవే కాళ్లు, ఆ బల్ల మీద సప్లై పెట్టెకు మూడు తీగలుండేవి, ఎరుపు, నలుపు, నీలం, ప్లస్సూ సున్నా మైనస్సూ, ఈడ అడాప్టరుకు రెండే, ప్లస్సూ సున్నా, మైనస్ యాడుంది, లేదు, కరెంటు లోపలికి తోస్తే అవుట్‌పుట్ సున్నా కిందికి దిగాలి, కింద నేలే లేనప్పుడు యాడికి దిగుతుంది, సున్నా మీదే కూర్చుంటుంది, పాపం అది పని చేస్తూనే ఉంది, దిగడానికి చోటు లేక ఆగింది, అయితే తోయొద్దు, లాగాలి, డయోడ్లు తిప్పి పెడితే కరెంటు అటు నుంచి ఇటు లాగుతుంది, అవుట్‌పుట్ పైకి పోవాలి, ఒకటి తిప్పింది, రెండోది కింద పడింది, బల్ల కింద దూదిలో వెతికింది, దొరికింది, గుచ్చింది, అన్నా, ఓ సామ్సనన్నా, బీడీ ముట్టించుకుని రా, అని అరిచింది, ఆయన బయట ముట్టించుకుని పరిగెత్తుకొచ్చి ఊది డయోడు ముందు పెట్టినాడు, నాలుగు వోల్టులు, తీసినాడు, సున్నా, పెట్టినాడు, నాలుగు, జాస్మిన్‌కు ఏడుపొచ్చింది, సామ్సన్ నవ్వినాడు, పనయ్యింది పోమ్మా అన్నాడు.

గొట్టానికి బిగించి, గంటకు తీగ కలిపి, మిషను తిప్పకుండానే చూద్దామని, సామ్సన్ దూది ఊడ్చేసిన గొట్టం మూత తీసి బీడీ నిప్పు లోపలికి చూపించినాడు, గంట మిల్లంతా అదిరేట్టు మోగింది, పరీక్షకే అని తను చెప్పడం మరిచిపోయింది, నిప్పుకన్ను చూద్దామని అప్పుడే మిషను దాటి లోపలికి వచ్చిన కూలి అంజినమ్మ, ఆమె వెంట ఇంకో ఇద్దరు ఆడోళ్లు, కేకలేసి ఉరికినారు, ముందు తలుపుకు పోవాలంటే మళ్లీ మిషను పక్కనుంచే పోవాలి కాబట్టి వెనక తలుపు వైపు, ఉరికి ఆగిపోయినారు, తలుపు ముందు ఎత్తుగా పేర్చిన దూది బేళ్లు, అంజినమ్మ రెండు అరచేతులతో ఆ బేళ్లను బాదుతా ఉంది, గంట ఆపినంక కూడా బాదుతానే ఉంది, ఆ పొద్దు సంతోషమ్మ గూడ ఈడికే వచ్చిండె మ్మా, అన్నాడు సామ్సన్ మెల్లగా, దోవ ల్యాక వెనక్కి తిరిగి, కాలే దూదిని చేతుల్తో తోసుకుంటా బయటపడె.

శభాష్ మ్మా, స్విచ్చు వెయ్యండ్రా అంటున్నాడు శివశంకర్, వెయ్యొద్దు సార్, అంది జాస్మిన్, గంట బాగానే మోగుతుంది, ఆ బేళ్లు తీసి తలుపు తెరిచేదాకా మిషను తిరగదు, అని తనే మెయిన్ స్విచ్చు దించి దాని ముందు నిలబడింది, ఆయన ఏదో అరుస్తున్నాడు, కూలీలు గునపాలతో బేళ్ల వైపు పోతున్నారు, ఇన్ని దినాలూ తను నిప్పు వచ్చే వైపే చూసింది, మనుషులు ఉరికే వైపు ఒక్కసారీ చూడలేదు.